పరుపులు వచ్చిన శనివారం

ఆ ఇంటికి బోర్డు లేదు. ఉండకూడదు కూడా. మొగుళ్ళ చేతుల్లో చావుదెబ్బలు తిని కట్టుబట్టలతో పారిపోయి వచ్చిన ఆడవాళ్ళు ముప్పై మంది దాక్కున్న ఇల్లు అది. బోర్డు పెడితే ఆ మొగుళ్ళను పిలిచి దారి చూపించినట్టే. రెండంతస్తుల పాత మేడ, చుట్టూ మనిషిన్నర ఎత్తు గోడ, ఒకటే ఇనుపగేటు. గేటు లోపల ఒక స్టూలు, దాని మీద గేటుపిన్ని.

అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో. పందొమ్మిదేళ్ళుగా లోపలివాళ్ళకి, పాలవాడికి, పోలీసులకి, అందరికీ గేటుపిన్నే. యాభై దాటిన మనిషి, ముక్కు మీద కోపం, నోరు తెరిచిందంటే ఎదుటివాడి ఏడు తరాలూ బయటికొస్తాయి. ఎడమ చెవి వినపడదు. పెళ్ళయిన నాలుగో ఏట మొగుడు లాగి కొట్టిన చెంపదెబ్బకి లోపలేదో చిట్లింది. ఆ తర్వాత ఇంకో ఏడేళ్ళు వాడి దగ్గరే పడుంది. చివరికి ఒక మధ్యాహ్నం వాడు బెల్టు తీసుకోవడానికి గోడవైపు తిరిగితే, ఆ తిరిగినంతసేపట్లో గుమ్మం దాటేసింది. "చెప్పులు వేసుకోవడం మర్చిపోయా. అదే కలిసొచ్చింది, చప్పుడు కాలేదు" అని నవ్వుతూ చెప్పేది. దెబ్బల కథలన్నీ అలాగే చెప్పేది, ఎవరిదో పెళ్ళి ముచ్చట చెప్పినట్టు.

ఆవిడ ఉద్యోగం చెప్పడానికి ఒక్క ముక్క. మగవాడనేవాడు గేటు దాటకూడదు, సామాను తెచ్చేవాళ్ళకైనా వరండా దాకానే. గేటుకి అరచేతంత కిటికీ ఉండేది. వచ్చినవాడు ఎవడైనా దానిలోంచే మాట్లాడాలి. ఎవరు, ఎందుకు, ఎంతసేపు అని మూడు ప్రశ్నలు వేసేది. ఒకసారి ఎవడో మొగుడు తన పెళ్ళాన్ని పంపమని కిటికీలోంచి చెయ్యి పెట్టి ఈవిడ జుట్టు అందుకోబోయాడు. కిటికీ తలుపు ఆ చేతిమీద మూసేసి, పోలీసులు వచ్చేదాకా వీపు ఆనించి నిలబడింది. రెండు వేళ్ళు విరిగాయి. ఎస్సై కసురుకుంటే, "ఇంకా ఎనిమిది ఉన్నాయిగా సారూ, అన్నం తినడానికి సరిపోతాయి" అంది.

ఇక కంపెనీ సంగతి. ఊరి చివర పరుపుల కంపెనీ ఉంది. ఆ మేడ కంపెనీదే, అద్దె లేకుండా ఇచ్చింది. పాలు, మందులు, పిల్లల బడి పుస్తకాలు, పై గదిలో ఆరు కుట్టుమిషన్లు, అన్నీ కంపెనీవే. మా ఇంటికే కాదు, ఊళ్ళో చూపులేని పిల్లల బడికీ, పెద్దాసుపత్రి మంచాలకీ వాళ్ళ సాయమే. కాదంటే కళ్ళు పోతాయి. వంటింటి గచ్చు మీద గోనెసంచి పరుచుకుని పడుకున్నవాళ్ళు ఇక్కడికొచ్చి మొదటిసారి మెత్తటి పరుపు మీద ఒళ్ళు వాల్చి, నిద్ర పట్టక ఏడ్చేవాళ్ళు. సాయం సాయమే. కానీ ప్రతి సాయానికీ ఒక ఫోటో ఉండేది.

ఫోటో తీసేది కంపెనీలో సేవాకార్యక్రమాలు చూసే పెద్దమనిషి. అందరూ ఫోటోసారు అనేవాళ్ళు. లావుపాటి మనిషి, చేతిలో ఎప్పుడూ చేతిరుమాలు, మాట మెత్తన. చెడ్డవాడు కాదు. పని మీద నిజంగా ప్రేమ ఉన్నవాడు. "ఫోటో లేకపోతే పైవాళ్ళు వచ్చే ఏడాదికి ఒప్పుకోరమ్మా, నా చేతిలో ఏముంది" అనేవాడు. ముఖాలు పడకూడదని గేటుపిన్ని మొదటిరోజే చెప్పేసింది. ఉపాయం కూడా ఆవిడదే. బ్యానరు గోడకి కడతారు, ఆడవాళ్ళు దానివైపు తిరిగి తలా ఒక దిండు పైకెత్తి పట్టుకుంటారు, వెనకనుంచి ఫోటో. కనీసం పదిమంది ఉండాలి. ఆ ఉపాయం తట్టినందుకు గేటుపిన్ని ఎంత మురిసిపోయిందో.

పరుపుల శనివారానికి నెల ముందు తీసిన ఫోటోకి తొమ్మిదిమందే వచ్చారు. పదో మనిషి కోసం చూస్తే మెట్ల దగ్గర చిన్నది కనపడింది. చిన్నది అంటే ఇరవై రెండేళ్ళ పిల్ల, వచ్చి మూడు నెలలు. మెడ కింద, వీపు మొదలయ్యే చోట, ఇస్త్రీపెట్టె ముక్కు అచ్చుగుద్దినట్టు దిగిన వాత. చొక్కా మీద మడత మిగిలిందని మొగుడు పెట్టిన వాత అది.

"రావే, వచ్చి నిలబడు" అంది గేటుపిన్ని.

"నేను నిలబడను పిన్నీ. నాకు భయం."

"భయం దేనికే? ముఖం ఎవరికీ కనపడదు. వీపు చూసి ఎవడు గుర్తుపడతాడు, అందరి వీపులూ ఒకటే. పో, ఆయన్ని ఎంతసేపు నిలబెడతాం?"

"వద్దు పిన్నీ."

"నేనున్నాగా."

ఆ ఒక్క మాటకి పిల్ల వెళ్ళి నిలబడింది. దిండు పైకెత్తింది. ఎత్తినప్పుడు జడ ముందుకి జారి, చొక్కా మెడ వెనక్కి జరిగింది.

అందరి వీపులూ ఒకటేనట. పందొమ్మిదేళ్ళు ఆ గేటు దగ్గర కూర్చున్న మనిషి అనవలసిన మాటేనా అది? దాక్కున్నవాళ్ళకి ఎంతసేపూ ముఖం కనపడుతుందేమోననే భయం. కొట్టేవాడికి ముఖంతో పనేముంది? తన చేత్తో పెట్టిన వాత తనకి తెలియదా? ఈ ముక్క ఆవిడకి తట్టకపోవడం ఏమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

ఆ ఫోటోను పెద్దది చేయించి కంపెనీలో, పనివాళ్ళు హాజరు వేసే యంత్రం పక్కన గోడకి తగిలించారు. పెళ్ళాన్ని వెతుక్కుంటూ ఊళ్ళు తిరిగి, చేతిలో డబ్బు అయిపోయి, రెండు నెలల క్రితమే ఆ కంపెనీలో స్పాంజి కోసే పనిలో చేరాడు చిన్నదాని మొగుడు. ఈ సంగతి మాలో ఎవరికీ తెలియదు. పెళ్ళి కాలేదని రాయించుకున్నాడట. రోజూ పొద్దున హాజరు వేస్తూ వాడు ఆ వీపునే చూశాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. కంపెనీవాళ్ళు ఏటా సేవాదినం చేస్తారు. ఇష్టమైన పనివాళ్ళు పేరు ఇస్తే, పసుపు చొక్కాలు ఇచ్చి, వ్యాను ఎక్కించి, సామాను మోయడానికి తీసుకెళతారు. అందరికంటే ముందు పేరు ఇచ్చింది వాడే.

శనివారం పదకొండు గంటలకి వ్యాను వచ్చింది. ఎండ మాడిపోతోంది. నలభై పరుపులు, ఎనిమిది మంది పసుపు చొక్కాలవాళ్ళు. గేటుపిన్ని మూడు ప్రశ్నలూ వేసి, ఎనిమిదిమందినీ వేలు పెట్టి లెక్కపెట్టింది.

"పిన్నీ, ఈసారి పైకి కూడా వేయించేద్దాం. మీవాళ్ళు మోయలేరు" అన్నాడు ఫోటోసారు.

"వరండా దాటితే కాళ్ళు విరగ్గొడతా. మాక్కావలసింది మేం మోసుకుంటాం" అంది ఈవిడ.

ఆయన నవ్వి ఊరుకున్నాడు. మోత మొదలైంది. పరుపు నెత్తిమీద మడిచి పెట్టుకుంటే మనిషికి మొహమే ఉండదు, కింద రెండు కాళ్ళు తప్ప. వాళ్ళు అలా చెమటలు కక్కుతూ తిరుగుతుంటే ఈవిడకే జాలేసింది. ఒకడు గుమ్మం దగ్గర తూలితే, "మెల్లగా నాయనా, మెడ పట్టేస్తుంది" అని చెంబుడు నీళ్ళు కూడా ఇచ్చింది. వాడు తల వంచుకుని తాగి, "చల్లగా ఉండు తల్లీ" అని చెంబు తిరిగిచ్చాడు. వాడే వాడు.

కాసేపటికి వ్యాను దగ్గర మళ్ళీ లెక్కపెట్టింది. ఏడుగురు. వరండాలోకి చూసింది, ఎవరూ లేరు. గేటుకి అడ్డంగా వేసే ఇనుపగడియ ఊడబెరికి చేతపట్టుకునేసరికి, పైనుంచి కేక వినిపించింది. వినపడని చెవిలోకి కూడా దూరినట్టుంది ఆ కేక. ఆ మెట్లు ఎలా ఎక్కిందో ఆవిడకే తెలియదు.

కుట్టుమిషన్ల గదిలో పరుపు గోడకి ఆనించి ఉంది, బుద్ధిమంతుడు పెట్టినట్టు. వాడు చిన్నదాని జడ చేతికి చుట్టుకుని, మిషను బల్లకేసి మొహం బాదుతున్నాడు. ఒకసారి, రెండోసారి, మూడోసారి. బల్ల మీద నెత్తురు, నెత్తుట్లో దారపు రీలు. రెండో చేతిలో కత్తి. స్పాంజి కోసే కత్తి మూరెడు పొడవుంటుంది, సన్నగా, కాగితంలా వంగుతుంది.

"ఇంటికి పోదాం పద" అంటున్నాడు వాడు. అరవడం కూడా లేదు. "చెప్పకుండా వచ్చేస్తే ఎలా? పద."

గదిలో ఇంకా పన్నెండుమంది ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు. గోడ మూలలకి చేరి, మోకాళ్ళలో తల పెట్టుకుని, చేతులు నెత్తిమీద కప్పుకుని కూర్చున్నారు. వాళ్ళని తప్పుపట్టకండి. ఏళ్ళ తరబడి తన్నులు తిన్న ఒళ్ళు అది. కొట్టే చెయ్యి లేస్తే, ఎవరి మీదికి లేచిందో చూడదు, దానంతట అదే ముడుచుకుపోతుంది.

గేటుపిన్ని వెనకనుంచి గడియతో భుజం మీద కొట్టింది. తల మీదికే ఎత్తింది, గురి తప్పింది. వాడు తిరిగి, "నువ్వెవతివే మధ్యలో" అని గడియ పట్టుకున్న మణికట్టు అందుకుని మెలితిప్పాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. గడియ కిందపడింది. పొట్టలో తన్నాడు. ఆవిడ మిషను మీద పడి, కణత చిట్లి, నేలకి జారింది. వాడు మళ్ళీ చిన్నదాని దగ్గరికి వెళ్ళి, జుట్టు పట్టి తల వెనక్కి లాగి, గొంతు మీద కత్తి పెట్టాడు. పెట్టి లాగాడు కూడా. తోలు తెగి నెత్తురు చొక్కా మీదికి కారింది. లోతుగా దిగలేదు. ముందు బెదిరించి, తర్వాత కోద్దామనుకున్నాడు కాబోలు.

గేటుపిన్నికి కళ్ళలోకి నెత్తురు కారుతోంది. లేవబోతే చెయ్యి రాలేదు. గోడవారగా ఉన్నవాళ్ళని చూసి, గొంతు చిరిగేలా అరిచింది.

"వాడు మీ మొగుడు కాదే. లేవండే, వాడు మీ మొగుడు కాదు."

ఆ మాట ఎక్కడ తగిలిందో గానీ, ముందు మూగమ్మ లేచింది. మూగమ్మకి మాటలొచ్చు, మాట్లాడదు, అంతే. వచ్చి రెండేళ్ళయినా ఆవిడ గొంతు విన్నవాళ్ళు లేరు. నెమ్మదిగా నడిచి, గోడకి ఆనించిన పరుపు రెండు చేతులా పట్టుకుని, తలుపు తోసినట్టు వాడి వీపు మీదికి తోసింది. వాడు బోర్లా పడ్డాడు. చిన్నది పక్కకి దొర్లింది. మూగమ్మ పరుపు మీద కూర్చుంది.

పక్కన ఇంకొకామె వచ్చి కూర్చుంది. తర్వాత ఇంకొకామె. చూస్తుండగానే తొమ్మిదిమంది ఎక్కేశారు. కింద వాడు గింజుకున్నాడు. కత్తి ఒకసారి పరుపు చీల్చుకుని పైకి వచ్చి, ఒకామె తొడ కోసి, మళ్ళీ రాలేదు. స్పాంజి ముక్కలు గదంతా ఎగిరాయి. వాళ్ళు కూర్చోవడంతో ఆగలేదు. పిడికిళ్ళతో బాదారు, మోకాళ్ళతో పొడిచారు, ఎవరికి ఎవరు గుర్తొచ్చారో వాళ్ళనే బాదారు. ఒకామె "అన్నం చల్లారిందని కొడతావా, చల్లారిందని కొడతావా" అని అదే మాట అంటూ కొడుతోంది. ఆమె మొగుడు వేరే ఊళ్ళో హాయిగా ఉన్నాడు.

పరుపు అంచు కిందనుంచి ఒక చెయ్యి బయటికి ఉంది. నేలని తడుతోంది. కింద ఏదో మాట కూడా, గుడ్డలో మూటగట్టినట్టు. ఊపిరి, ఊపిరి అని.

గేటుపిన్నికి మంచి చెవి అటే ఉంది. వినపడింది. ఇక చాలు లేవండి అని ఒక్క మాట అంటే లేస్తారు వాళ్ళు. పందొమ్మిదేళ్ళుగా ఆవిడ మాటకి ఎదురు లేదు ఆ ఇంట్లో. నోటిదాకా వచ్చింది. చిన్నదాని వైపు చూసింది. ఆ పిల్ల గొంతు చేత్తో అదుముకుని, వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతుంటే, ఆ చేతినే రెప్పవేయకుండా చూస్తోంది. ఈరోజు లేస్తే వీడు ఆరునెలలో, ఏడాదో జైల్లో కూర్చుని, మళ్ళీ వస్తాడు. మళ్ళీ ఎవరో వీపు చూపిస్తారు. గేటుపిన్ని నోరు మూసుకుంది. చెయ్యి నేలని తట్టడం మానేసింది. ఆ తర్వాత కూడా కాసేపు మాట్లాడలేదు.

మిగతా ఏడుగురినీ వ్యాను దగ్గరే ఆపి వచ్చి, తలుపు దగ్గర ఫోటోసారు నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో, ఎంత చూశాడో. మెట్ల పక్కకి వెళ్ళి వాంతి చేసుకుని వచ్చాడు. ఆడవాళ్ళు దిగాక పరుపు ఎత్తి, పసుపు చొక్కా మీద కంపెనీ గుర్తు చూశాడు. కత్తి పిడి మీద కూడా అదే గుర్తు. చేతిరుమాలుతో మొహం తుడుచుకుని అన్నాడు.

"మెట్ల మీదనుంచి పడ్డాడు."

తొమ్మిదిమందీ ఆయన వైపు తిరిగారు.

"మావాడు కత్తితో వచ్చాడని బయటికొస్తే ఈ సేవాకార్యక్రమాలు రేపటినుంచి ఉండవమ్మా. మీ తొమ్మిదిమంది జైలుకి పోతారు. పరుపుతో మెట్లెక్కుతూ తూలిపడ్డాడు, మెడ విరిగింది. నేను చూశాను. పట్టుకోబోయి పిన్నికి చెయ్యి విరిగింది. అంతే." తర్వాత తనే కాళ్ళవైపు పట్టుకుని, ఆడవాళ్ళతో కలిసి మెట్ల కిందకి చేర్చాడు. ఆయన్ని ఏమనాలో నాకు తెలియదు.

పై గది కడిగి, చిరిగిన పరుపూ కత్తీ దాచేశాక పోలీసులు వచ్చారు, ఆసుపత్రివాళ్ళు వచ్చారు. చిన్నది ఆ రోజంతా దుప్పటి కప్పుకుని జ్వరమని పడుకుంది. కంపెనీ పెద్దమనిషి కళ్ళారా చూశానంటుంటే కాదనేవాడెవడు? ఇన్స్పెక్టరు మాత్రం మెట్లు రెండుసార్లు ఎక్కి దిగి, "మళ్ళీ వస్తాను" అన్నాడు.

మూడో వారం కంపెనీ యజమాని స్వయంగా వచ్చాడు. ముసలాయన, చేతికర్ర, మంచిమనిషి. అందరినీ ఆ కుట్టుమిషన్ల గదిలోనే నిలబెట్టారు. గోడకి ఒక ఇత్తడి పలక బిగించారు. దానిమీద వాడి పేరు. సేవలో ప్రాణం ఇచ్చిన కార్మికుడి పేరు ఈ గదికి పెడుతున్నామని ముసలాయన చెప్పాడు. "అందరికంటే ముందు పేరు ఇచ్చాడట. నా అన్నవాళ్ళు లేరట పాపం" అని కళ్ళు తుడుచుకున్నాడు. వాడి కోసం రెండు నిమిషాలు మౌనంగా నిలబడమన్నారు. నిలబడ్డారు. చేతికి కట్టుతో గేటుపిన్ని కూడా నిలబడింది. ఆ రెండు నిమిషాలూ లోపల వాణ్ణి తిట్టిన తిట్లు ఈ జన్మలో ఎవరినీ తిట్టలేదు.

మౌనం అయ్యాక ఇన్స్పెక్టరు మూలనుంచి ముందుకొచ్చాడు. "ఆ రోజు ఆయన్ని చూసినవాళ్ళు ఉంటారుగా. యజమానిగారు అంత దూరం వచ్చారు. ఎవరైనా రెండు మాటలు చెప్పండమ్మా, ఎలాంటి మనిషో" అన్నాడు. అంటూ ఒక్కొక్కరి మొహం చూస్తున్నాడు.

ఫోటోసారు నేల చూపులు చూస్తున్నాడు. మూగమ్మ పెదవులు కదులుతున్నాయి. ఇప్పుడు, ఇన్నేళ్ళకి, అది మాట్లాడబోతోంది. ఏం మాట్లాడుతుందో గేటుపిన్నికి తెలుసు. తనే అడ్డుపడి ఏదో ఒక అబద్ధం చెప్పెయ్యాలి. చెప్పాలని నోరు తెరిచింది. నాలుక తిరగలేదు. చంపినా వాణ్ణి మంచివాడనే మాట ఆ నోట రాలేదు.

చిన్నది ముందుకి వచ్చింది. చొక్కా గొంతుదాకా గుండీలు పెట్టుకుని ఉంది.

"నేను చూశానండి. మంచి మనిషండి" అంది. గొంతు ఏమాత్రం వణకలేదు. "నెమ్మదస్తులు. అంత బరువు మోస్తూ కూడా ఎవరినీ ఒక్క మాట అనలేదు. మెట్ల మీద కాలు జారింది. ఆయన తప్పేం లేదండి."

ముసలాయన దాని తలమీద చెయ్యి పెట్టాడు. ఇన్స్పెక్టరు దానివైపు కాసేపు చూసి, టోపీ పెట్టుకున్నాడు.

అందరూ వెళ్ళిపోయాక గేటు మూసి, ఎడమచేత్తో గడియ వేసి, గేటుపిన్ని పైకి వచ్చింది. చిన్నది మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. ఈవిడ ఎదురుగా నేలమీద కూలబడింది. పందొమ్మిదేళ్ళలో ఆవిడ కంట నీరు చూసినవాళ్ళు లేరు. ఆరోజు ఏడ్చింది.

"నేను చెప్పాల్సిన అబద్ధమే అది. నీతో చెప్పించానే. ఆ వెధవని మంచివాడని నీ నోటితో అనిపించాను."

"ఊరుకో పిన్నీ" అంది చిన్నది. దారం చివర నోట్లో తడి చేసుకుని, సూది కన్నం చూస్తూనే చెప్పింది. "నాకేం కొత్త కాదు. నాలుగేళ్ళు పక్కింటివాళ్ళకీ, ఆసుపత్రిలో డాక్టరుకీ, మా అమ్మకీ అదే చెప్పాను. ఆయన మంచివాడే, మెట్ల మీద కాలు జారింది అని."